అగరువత్తి పట్టని మనుమరాలు: చైనీయుల పెద్దల పూజ మీద క్రైస్తవంలో ఇన్ని తీర్పులు ఎందుకు?

సింగపూరు_బాటసారి
నాతో పనిచేసే ఒక చైనీయ యువతి తాతగారు పోయిన నెలలో కాలం చేశారు. ఇక్కడి ప్రభుత్వ గృహ సముదాయాలలో చాలా భవనాల కింద గోడలు లేని ఖాళీ అంతస్తు ఉంటుంది; శుభమైనా అశుభమైనా జనం అక్కడే కూడుతారు. పెద్దాయన శవపేటికను అయిదు రోజులు అక్కడే ఉంచారు. మూడవ రాత్రి మేము ఆఫీసు నుండి నలుగురం వెళ్ళాము. వచ్చిన వారందరూ ఆయన ఫోటో ముందు అగరువత్తి వెలిగించి, మూడుసార్లు వంగి, బూడిద నింపిన పాత్రలో దానిని గుచ్చుతున్నారు. ఈ అమ్మాయి మాత్రం వత్తిని పట్టలేదు, మోకరిల్లలేదు, పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. ఆమె ఒక ప్రొటెస్టెంటు సంఘంలో సభ్యురాలు. ఆమె పెదనాన్న అందరి ఎదుట, "నిన్ను ఎత్తుకు పెంచిన మనిషికి ఒక వత్తి వెలిగించడానికి నీకు చేతులు రాలేదా" అని అడిగారట. మరునాడు ఆ మాట చెబుతూ ఆమె ఏడ్చింది.

నన్ను ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. ఆమె చిన్నాన్న కొడుకు కతోలికుడు. అతను ఏ తడబాటూ లేకుండా వత్తి వెలిగించి తాతగారికి మొక్కాడు. ఒకే ఇల్లు, ఒకే దేవుడు, ఒకే తాత అయినప్పుడు ఒకరికి చెల్లినది మరొకరికి ఎందుకు చెల్లలేదు? ఈ చిచ్చు పాశ్చాత్యులు పెట్టినదేనా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మెతుకుసీమ
సమాధానం నాకు తెలియదు గాని, ఆ పెదనాన్న బాధ మాత్రం తెలుస్తున్నది. మా వైపు పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యం ఇవ్వని ఇంటిని ఊరు వేరుగా చూస్తుంది. పట్నంలో స్థిరపడిన మా అన్న ఒక ఏడు రాలేకపోతే మా నాయన రెండు నెలలు అతనితో మాట్లాడలేదు.

పాతపుస్తకాల_అటక
బాటసారి గారి ప్రశ్నకు మూలం నాలుగు వందల ఏళ్ళ వెనుక ఉంది. ఇటలీలోని మచెరాతాలో 1552లో పుట్టిన మత్తేయో రిచ్చి అనే జెస్విట్ (కతోలిక గురువుల సంఘాలలో ఒకటి) గురువు 1582లో మకావు చేరి, మరుసటి ఏడు రుగ్గియేరి అనే సహచరునితో దక్షిణ చైనాలోని జావోచింగ్‌లో నివాసం ఏర్పరచుకున్నాడు. మొదట ఇద్దరూ గుండు చేయించుకుని బౌద్ధ భిక్షువుల బట్టలు ధరించారు. మతగురువు అంటే అక్కడ భిక్షువే కదా అని వారి తలంపు. పన్నెండేళ్ళు ఆ జనం మధ్య మెలగిన తరువాత, పరీక్షలు గెలిచి కొలువులు చేసే పండితులకు భిక్షువుల మీద పెద్ద గౌరవం లేదని రిచ్చి గ్రహించాడు. 1595లో గడ్డం పెంచి పండితుల పట్టు అంగీ తొడిగాడు. కన్ఫ్యూషియస్ గ్రంథాలను వారితో సమానంగా ఉదహరించే స్థాయికి చదివాడు. 1601లో బీజింగ్ చేరి వాన్‌లీ చక్రవర్తికి గడియారాలు సమర్పించాడు; వాటికి కీ ఇచ్చే పని నేర్పించవలసి రావడంతో రాజప్రాసాదంలో కాలు మోపే వీలు కలిగింది. 1602లో చైనా లిపిలో గొప్ప ప్రపంచ పటం వేయించాడు. 1607లో షూ గ్వాంగ్‌చీ అనే పండితునితో కలిసి యూక్లిడ్ రేఖాగణితంలోని మొదటి ఆరు భాగాలను చైనీస్‌లోకి తెచ్చాడు. 1610లో ఆయన మరణిస్తే సమాధికి చక్రవర్తే స్థలం ఇచ్చాడు.

ఇంత లోతుగా ఆ సమాజంలో కలిసిన మనిషికి అసలు చిక్కు పెద్దల పూజ దగ్గర ఎదురయింది. చైనీయుల ఇళ్ళలో చనిపోయినవారి పేరు చెక్కిన కొయ్య పలక ఉంటుంది. దాని ముందు భోజనం పెడతారు, ధూపం వేస్తారు, సాష్టాంగపడతారు. క్రైస్తవుడైన చైనీయుడు ఇది మానుకోవాలా? రిచ్చి బాగా ఆలోచించి, పెద్దలు వచ్చి ఆ అన్నం తింటారని వీరు నమ్మడం లేదని, ప్రేమను చూపడానికి ఇంతకంటె మేలైన దారి తెలియక ఇలా చేస్తున్నారని, బతికి ఉన్న తల్లిదండ్రులను గౌరవించడం పిల్లలకు దీని వల్లనే అలవడుతుందని రాసుకున్నాడు. అందువలన ఇది లోకాచారమే గాని దైవారాధన కాదని తేల్చాడు. నా దృష్టిలో, ఒక సంస్కృతిని బయటినుండి వచ్చిన మనిషి అంత ఓపికగా అర్థం చేసుకున్న సందర్భాలు చరిత్రలో చాలా కొద్ది.

గుణదల_గంట
అటక గారు చెప్పినదంతా నిజమే. అయితే రిచ్చి చూసిన చైనా ఎవరిది అన్న ప్రశ్న మిగిలి ఉంది. నేను కతోలికుడిని, జెస్విట్ల కళాశాలలో చదువుకున్నాను, వారిపై నాకు అపారమైన గౌరవం ఉంది. అయినా ఎదుటి పక్షం మాట కూడా వినాలి. 1630ల నుండి డొమినికన్, ఫ్రాన్సిస్కన్ అనే వేరే కతోలిక సంఘాల గురువులు ఫూజియన్ ప్రాంతానికి వచ్చారు. వారి మందలో పండితులు తక్కువ, పల్లె జనం ఎక్కువ. వంశ మందిరాలలో జంతువులను కోసి, మద్యం పోసి, పంటలూ సంతానమూ ఇమ్మని పెద్దలను వేడుకోవడం వారు కళ్ళారా చూశారు. పండితుడు కృతజ్ఞతగా వంగిన చోటనే రైతు వరం అడుగుతున్నాడు. రెండూ నిజమే.

మొరాలెస్ అనే డొమినికన్ గురువు ఫిర్యాదు మీద 1645లో రోము, అనగా పోపు పీఠం, ఈ ఆచారాలను నిషేధించింది. జెస్విట్ల తరఫున మార్తీని వెళ్ళి తమ వాదం వినిపిస్తే 1656లో అనుమతించింది. ఏది పాటించాలని అడిగితే, సందర్భాన్ని బట్టి రెండు తీర్పులూ చెల్లుతాయని 1669లో జవాబు వచ్చింది. అడిగిన ప్రశ్నలో ఆచారాన్ని వర్ణించిన తీరును బట్టే తీర్పు మారింది. దీనిని పాశ్చాత్యులు పెట్టిన చిచ్చు అని ఒక్క మాటలో కొట్టివేయడం న్యాయం కాదని నా మనవి, ఎందుకంటే పాశ్చాత్యులే రెండుగా చీలి నూరేళ్ళు వాదించుకున్నారు.

పాతపుస్తకాల_అటక
గుణదల గారి సవరణను అంగీకరిస్తున్నాను. అయితే చివరి తీర్పు వెలువడిన తీరు మాత్రం నాకు మింగుడుపడదు. 1692లో కాంగ్షీ చక్రవర్తి క్రైస్తవాన్ని చైనాలో స్వేచ్ఛగా ఉండనిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. అంతటి మేలు జరిగిన మరుసటి ఏడే, ఫూజియన్‌లో మెగ్రో అనే ఫ్రెంచి మతాధికారి తన పరిధిలో పెద్దల ఆచారాలను నిషేధించాడు. దేవుడిని 'తియన్' అనగా ఆకాశం అని పిలవరాదని, 'తియన్‌జూ' అనగా ఆకాశాధిపతి అనే అనాలని కూడా శాసించాడు. జెస్విట్లు 1700లో నేరుగా చక్రవర్తినే అడిగారు. కన్ఫ్యూషియస్‌ను గురువుగా గౌరవిస్తామని, పెద్దలను స్మరిస్తామని, అది వరాలు కోరే పూజ కాదని కాంగ్షీ స్వయంగా ధ్రువీకరించాడు. రోము ఆ మాటను లెక్కచేయలేదు. 1704లో పోపు పదకొండవ క్లెమెంట్ నిషేధాన్ని ఆమోదించాడు, 1715లో మరింత గట్టిగా ప్రకటించాడు.

మధ్యలో 1706లో మెగ్రో రెహె అనే చోట చక్రవర్తి ముందు నిలబడవలసి వచ్చింది. సింహాసనం వెనుక రాసి ఉన్న నాలుగు అక్షరాలను చదవమంటే అతను పూర్తిగా చదవలేకపోయాడు. చైనీయుడు దేవుడిని ఏ మాటతో పిలవాలో నిర్ణయించినవాడు ఆ మనిషి! 1721లో పోపు ప్రకటన అనువాదాన్ని చదివిన కాంగ్షీ, చైనా గ్రంథాలు తెలియని ఈ మనుషులతో వాదించి ప్రయోజనం లేదని, ఇకపై బోధ మానుకోవాలని రాశాడు. ఆయన కుమారుడు యుంగ్‌జెంగ్ 1724లో క్రైస్తవాన్ని నిషేధించాడు. 1742లో పద్నాలుగవ బెనెడిక్ట్ ఈ వివాదాన్ని ఇక ఎత్తరాదని శాసించి, చైనాకు వెళ్ళే ప్రతి గురువు చేతా ప్రమాణం చేయించాడు. ఆ ప్రమాణం రెండు వందల ఏళ్ళ దాకా నడిచింది.

కొల్లేటి_కొంగ
ఇదంతా చదువుతుంటే ఉత్తర సర్కారుల చరిత్ర గుర్తుకు వచ్చింది. 1793లో బ్రిటిషు రాయబారిగా వెళ్ళి, చైనా చక్రవర్తికి తొమ్మిదిసార్లు నేలకు నుదురు తాకించడానికి ఒప్పుకోక, తమ రాజుకు చేసినట్లు ఒక మోకాలిపై వంగిన మెకార్ట్నీ, అంతకు ముందు 1781 నుండి 1785 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. మన కోస్తా జిల్లాలు చాలా వరకు అప్పుడు అతని ఏలుబడిలోనివే. వంగడం అంటే లొంగడమే అని అతనికి తోచింది. అక్కడా ఇక్కడా తగువు ఒంటి భంగిమ గురించే.

గుణదల_గంట
కొంగ గారు, పోలిక బాగుంది గాని మెకార్ట్నీది రాజ్య గౌరవానికి సంబంధించిన పట్టింపు. ఆ తాతగారి మనుమరాలిది మనస్సాక్షి. వీటిని కలిపితే ఆమెకు అన్యాయం జరుగుతుంది.

ఊరిచివర_ఇల్లు
అందరూ రిచ్చిని మెచ్చుకుంటున్నారు కనుక ఒక చేదు విషయం చెప్పవలసి వస్తున్నది. సంస్కృతిని గౌరవించడం అన్నప్పుడు ఎవరి సంస్కృతిని అన్నది ముందు తేలాలి. ఈ తగువు తేల్చడానికి చైనాకు పంపిన పోపు ప్రతినిధి పేరు తూర్నోన్. అతను దారిలో 1703 చివర పుదుచ్చేరిలో దిగి, దాదాపు ఎనిమిది నెలలు ఆగి, 1704 జూన్‌లో మన దక్షిణదేశపు క్రైస్తవాచారాల మీద కూడా ఒక శాసనం రాశాడు. దాని దెబ్బ మదురై జెస్విట్లకే గాక, తెలుగు సీమలో పుంగనూరు వంటి చోట్ల సన్యాసి వేషంతో తిరిగిన ఫ్రెంచి జెస్విట్లకు కూడా తగిలింది. పిళ్ళైయార్ (వినాయకుడి) బొమ్మ ఉన్న తాళిని మానమన్నాడు, విభూతిని మానమన్నాడు. అక్కడ దాకా అటక గారి కోపం నాకు కూడా ఉంది.

అయితే అదే శాసనంలో మరొక మాట ఉంది. అంటరానివారిగా చూసిన పరయ కులంలోని రోగి ఇంటికి గురువులు స్వయంగా వెళ్ళి క్రైస్తవ సంస్కారాలు (గురువు జరిపే పవిత్ర కర్మలు) ఇవ్వాలని అతను ఆజ్ఞాపించాడు. ఎందుకు ఆజ్ఞాపించవలసి వచ్చింది? దేశాచారాన్ని గౌరవిస్తున్నామన్న పేరుతో ఆ గురువులు మావంటి వారి గడప తొక్కడం మానివేశారు. బ్రాహ్మణుని మెప్పు పొందడానికి మదురైలో నోబిలి అనే జెస్విట్ గురువు పట్టిన దారి అది. బీజింగ్‌లో పండితుడు, మదురైలో బ్రాహ్మణుడు: వారు సంస్కృతిని వెతుక్కున్నది పెద్ద ఇళ్ళలోనే. మా పెద్దల పేర్లు రాసిన పలకలు ఏ ఇంట్లోనూ లేవు. చావిడిలో పడి చచ్చేవాడి దగ్గరకు వెళ్ళమన్న మాట, భాష తెలియని పరదేశి నోట వచ్చినా సరే, నేను కాదనలేను.

పాతపుస్తకాల_అటక
ఊరిచివర గారి మాటకు నా దగ్గర ఎదురు వాదం లేదు. తూర్నోన్ శాసనాన్ని నేను ఇంతకాలం తాళిబొట్టు కోణం నుండి మాత్రమే చదివాను. పరయల ఇంటికి వెళ్ళమన్న భాగం కంటపడినా దాని మీద ఆగలేదు. ఒక్కటి మాత్రం విడమరచి చూడాలని కోరుతున్నాను. గురువు రోగి ఇంటికి వెళ్ళకపోవడం వలన ఒక మనిషికి హాని జరిగింది. చైనీయుడు తండ్రి పలకకు వంగడం వలన ఎవరికీ హాని జరగలేదు. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో తూచిన మనిషే, 1707లో నాన్‌జింగ్ నుండి చైనాచారాల మీద తన నిషేధం ప్రకటించి, మకావులో నిర్బంధంలో ఉండి 1710లో మరణించాడు.

ఊరిచివర_ఇల్లు
ఆ తేడాను ఒప్పుకుంటాను. హాని చేసే ఆచారం వేరు, చేయని ఆచారం వేరు.

పదాల_గూడు
ఇంతవరకూ అందరూ 'లోకాచారమా, మతమా' అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నను చైనీయులు తమంతట తాము ఎన్నడూ వేసుకోలేదు. నేడు మతానికి చైనీస్‌లో వాడే 'జోంగ్‌జియావ్' అన్న మాట, పాశ్చాత్య పదానికి సాటిగా పందొమ్మిదవ శతాబ్దంలో జపానులో స్థిరపడి అక్కడినుండి వచ్చినది. వారి పాత మాట 'లీ'. అతిథిని కూర్చోబెట్టే పద్ధతి, తండ్రికి ఉత్తరక్రియలు చేసే పద్ధతి, రాజు ఆకాశానికి బలి అర్పించే పద్ధతి అన్నీ 'లీ'లోనే ఇమిడిపోతాయి. మన 'మతం' కూడా అటువంటిదే. సంస్కృతంలో దానికి అభిప్రాయమని అర్థం. 'ఇది ఫలానా ఆచార్యుని మతం' అని వ్యాఖ్యాతలు రాసేవారు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే మా అమ్మమ్మను 'ఇది నీ మతమా, మర్యాదా' అని అడిగితే, ఆమె దృష్టిలో ఆ ప్రశ్నకు అర్థమే ఉండేది కాదు. రోము అడిగిన ప్రశ్నలోనే చీలిక ఉంది. రిచ్చి కూడా ఆ చీలికను అంగీకరించి, గీతకు లోకాచారం వైపున చైనీయులను నిలబెట్టాడు, అంతే.

సింగపూరు_బాటసారి
ఇంత లోతు ఉందని ఊహించలేదు. అయితే నా మొదటి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. రోము నిషేధించి ఉంటే ఈనాడు కతోలికుడు వత్తి ఎలా పట్టాడు? రోముతో సంబంధమే లేని ప్రొటెస్టెంటు అమ్మాయి ఎందుకు పట్టలేదు?

గుణదల_గంట
1939 డిసెంబరులో పన్నెండవ పయస్ కాలంలో రోము తన పాత తీర్పును మార్చుకుంది. కన్ఫ్యూషియస్‌ను గౌరవించే సభలకు వెళ్ళవచ్చునని, చనిపోయినవారి ముందు, వారి చిత్రం ముందు, పేరు రాసిన పలక ముందు తల వంచవచ్చునని, గురువుల చేత చేయిస్తున్న ప్రమాణం ఇక అవసరం లేదని ప్రకటించింది. ఆ తమ్ముడు నిశ్చింతగా వత్తి వెలిగించడానికి కారణం అదే. 1715 ప్రకటనలో కూడా, ఆత్మకు ఆసనమని రాయకుండా కేవలం పేరు మాత్రమే ఉన్న పలకకు కొంత సడలింపు ఉండేది. అయినా ఆ రెండు వందల ఏళ్ళలో కతోలికుడైన చైనీయుడు అధికారి కాదలచుకుంటే చిక్కే, ఎందుకంటే కన్ఫ్యూషియస్ మందిరంలో క్రతువులు జరపడం అధికారి విధి. ఎన్ని ఇళ్ళు రెండుగా చీలి ఉంటాయో తలచుకుంటే మా కతోలిక సభ చేసిన ఆలస్యానికి నాకు బాధ కలుగుతుంది.

కృష్ణా_కరకట్ట
ప్రొటెస్టెంటుల సంగతి నేను చెబుతాను, నేను ఆ వైపు మనిషిని కనుక. మావారు చైనాకు 1807లో మోరిసన్ అనే మిషనరీతో మొదలయ్యారు. ఆపైన నల్లమందు యుద్ధాలు జరిగి, 1858, 1860 ఒడంబడికలతో దేశం లోపలికి దారులు తెరుచుకున్న తరువాత వేల సంఖ్యలో వెళ్ళారు. 1890లో షాంఘైలో మిషనరీల మహాసభ జరిగింది. పెద్దల పూజ విషయంలో సహనం చూపాలని మార్టిన్ అనే అమెరికా మిషనరీ అక్కడ ఒక పత్రం సమర్పించాడు. ఆ అభిప్రాయాన్ని వ్యతిరేకించేవారు లేచి నిలబడాలని హడ్సన్ టేలర్ అనే మరో మిషనరీ కోరితే, సభలో దాదాపు అందరూ లేచారు. మాకు పోపు లేడు కనుక తరువాత ఒక్క ప్రకటనతో దానిని మార్చగలవారూ లేరు. ఆ నిలబడిన వారి బోధే మిషన్ల ద్వారా, బైబిలు పాఠశాలల ద్వారా, వలస వెళ్ళిన కుటుంబాల ద్వారా చాలా సంఘాలకు చేరింది.

ఇందులో నా గాయం ఒకటి ఉంది. మా నాన్నగారు పోయినప్పుడు మా అమ్మ ఆయన ఫోటోకు దండ వేసింది. పరామర్శకు వచ్చిన మా సంఘ కాపరి గారు దానిని తీయించారు. అమ్మ మారు మాట్లాడకుండా తీసి, దండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. మేము సమాధికి సున్నం వేసి, బంతిపూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించాము. అదే కాపరి గారు వచ్చి అక్కడ ప్రార్థన చేశారు. సమాధి మీద పువ్వు చెల్లినప్పుడు ఫోటో మీద పువ్వు ఎందుకు చెల్లదని అమ్మ నన్ను అడిగింది. నేను బైబిలు తిరగేసినా ఆమెకు ఇవ్వదగిన జవాబు దొరకలేదు.

మెతుకుసీమ
కరకట్ట గారు, ఆ దండ మీ అమ్మగారి ఒళ్ళో ఉన్న మాట చదివి చాలాసేపు ముందుకు పోలేకపోయాను.

వెన్నెల_వాకిలి
అందరూ ఆ అమ్మాయిని ఎవరో పరాయి మిషనరీ చేతి బొమ్మగా చూస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆమె సింగపూరులో పుట్టింది, తన సంఘాన్ని తాను ఎంచుకుంది, ఆమె కాపరి కూడా చైనీయుడే అయి ఉండవచ్చు. 1890లో ఎవరు లేచి నిలబడ్డారన్నది చరిత్ర. ఈనాడు ఆమె నిలబడినది తన నమ్మకం మీద. నాలుగు వందల ఏళ్ళ క్రితం షూ గ్వాంగ్‌చీ తన ఇష్టంతో క్రైస్తవం స్వీకరించినప్పుడు అతను చైనీయుడు కాకుండా పోలేదు కదా. వంగినవాడి మనసును బయటివాడు తీర్పు తీర్చరాదని అటక గారు అంటున్నారు. వంగని మనిషికి కూడా అదే న్యాయం వర్తించాలి.

పాతపుస్తకాల_అటక
వర్తించాలి. వెన్నెల గారు నా వాదాన్ని నాకంటె నిజాయితీగా చివరిదాకా తీసుకువెళ్ళారు. అందుకే ఈ కథలో నష్టపోయినది చైనా ఒక్కటే కాదని కూడా చేర్చాలి. జెస్విట్లు 1687లో పారిస్‌లో అచ్చువేసిన కన్ఫ్యూషియస్ లాటిన్ అనువాదాన్ని యూరపు పండితులు ఆబగా చదివారు. కొంగ్ ఫూజీ పేరుకు 'కన్ఫ్యూషియస్' అన్న లాటిన్ రూపం జెస్విట్లు ఇచ్చినదే. మనం చైనాకు దైవశాస్త్రం నేర్పడానికి మనుషులను పంపుతున్నట్లే, మనకు నీతి నేర్పడానికి చైనా కూడా మనుషులను పంపాలన్న భావాన్ని జర్మనీలో లైబ్నిజ్ అనే తత్వవేత్త 1697లో రాశాడు. దైవప్రకటన లేకుండానే చైనీయులు సన్మార్గాన్ని కనుగొన్నారని హాలె విశ్వవిద్యాలయంలో 1721లో ఉపన్యసించిన తత్వవేత్త క్రిస్టియన్ వోల్ఫ్‌ను రెండేళ్ళకు ప్రష్యా నుండి వెళ్ళగొట్టారు. ఆ రెండు వైపుల రాకపోకలు మరో నూరేళ్ళు సాగి ఉంటే, పందొమ్మిదవ శతాబ్దంలో యూరపు వారు చైనాను అంత చులకనగా చూసేవారా అని నాకు తరచు అనిపిస్తుంది.

పదాల_గూడు
1721 అన్నారు కదా. వోల్ఫ్ ఆ ఉపన్యాసం ఇచ్చిన ఏడే కాంగ్షీ బోధ వద్దని రాశాడు. అటు వారికి ఆసక్తి పెరుగుతున్న వేళ ఇటు తలుపు మూసుకుంది.

సింగపూరు_బాటసారి
మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. ఇక్కడ చదివినది ఆ అమ్మాయికి వీలైనంత వివరించాను. 1890 సభ గురించి ఆమెకు తెలియదు. 1939 గురించి తమ్ముడు చెప్పగా విన్నదట. వెన్నెల గారి మాటను మాత్రం నన్ను రెండుసార్లు చెప్పించుకుంది.

నిన్న చింగ్‌మింగ్, అనగా చైనీయులు సమాధులు శుభ్రం చేసే రోజు. తాతగారి చితాభస్మాన్ని ఒక గూటిలో పెట్టి, పైన ఫోటో ఉన్న రాతి పలక అమర్చారు. నన్ను కూడా రమ్మంటే వెళ్ళాను. అందరూ వత్తులు వెలిగించారు, ఆమె వెలిగించలేదు. ఇంటి నుండి తెచ్చిన గుడ్డను తడిపి, ఆ పలకను, తాతగారి పేరులోని ఒక్కొక్క అక్షరాన్ని తుడిచింది. పెదనాన్న కొంతసేపు చూస్తూ ఊరుకున్నారు. తరువాత ఆమెకు అందని పై వరుసలో నాయనమ్మ గూడు ఉంటే, ఆ గుడ్డను ఆమె చేతిలోనుండి తీసుకుని తాను తుడిచి తిరిగి ఇచ్చారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కృష్ణా_కరకట్ట
బాటసారి గారు, ఆ సంగతి ఈ రాత్రి మా అమ్మకు చదివి వినిపిస్తాను. ఆమెకు ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు.